గాజా శిథిలమవుతుంటే హైఫా దినం జరుపుకోవడమా?

సికింద్రాబాద్ వాసి: ఏటా సెప్టెంబర్ 23న మన సైన్యం హైఫా దినం జరుపుతుంది. 1918లో జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ సంస్థానాల అశ్వదళాలున్న బ్రిగేడు ఒట్టోమన్ టర్కీ నుంచి హైఫాను, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని రేవు పట్టణాన్ని, గెలిచిన రోజు అది. మా నాన్నగారు ఫౌజీ. ఆయన ఉన్నప్పటి నుంచి ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టడం అలవాటు. 2023 అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలయ్యాక మాత్రం అగ్గిపుల్ల గీసి, చేయి కాలేదాకా అలాగే నిలబడిపోతున్నాను. మానేయమంటారా?

విశ్రాంత సుబేదార్: మానేయడమేమిటండీ! ఎదురుగా మెషిన్‌గన్లు, వీళ్ల చేతుల్లో బల్లేలు, కింద గుర్రాలు. దూకమన్నారు, దూకారు. జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దల్‌పత్ సింగ్ అక్కడే పడిపోయాడు. ఆయనకు దండం పెట్టుకోవడానికి ఈ రోజు టీవీలో ఏం వస్తోందో చూడాలా?

చరిత్ర విద్యార్థి: మీ మాట కాదనను సుబేదార్ గారూ. కానీ టీవీని అక్కడికి తెచ్చింది మేము కాదు. ఢిల్లీలో ఆ మూడు సంస్థానాల దళాలకు గుర్తుగా మూడు కంచు విగ్రహాలు 1922 నుంచీ ఉన్నాయి. తీన్‌మూర్తి అంటే అవే. 2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు ఆ కూడలి పేరుకు హైఫా చేర్చారు. చనిపోయినవాళ్లను దౌత్యానికి వాడుకుంటే అది స్మరణ అవుతుందా?

ఇంకొకటి. ఆ రోజు హైఫా మీదికి దూకింది జోధ్‌పూర్, మైసూరు దళాలు. హైదరాబాద్ వారిది అదే బ్రిగేడు, అంతవరకే. మనవాళ్లు గర్వంలో ఈ ముక్క ఎప్పుడూ మింగేస్తారు. పైగా టర్కీ సుల్తాన్ అప్పటికి ఖలీఫా, అంటే ముస్లింలకు మతపెద్ద. ఆయన సేనల మీదికి నిజాం తన దళాన్ని పంపాడు, బ్రిటిష్‌వారు 'నమ్మకమైన మిత్రుడు' అని బిరుదిచ్చారు. గెలిచిన నేలను 1948 దాకా వారే ఏలారు. ఆ రౌతు మనసులో ఏముందో అడిగినవారెవరు?

విశ్రాంత సుబేదార్: సిపాయి మనసు ఎవరూ అడగరు బాబూ. నన్నూ అడగలేదు. అందుకే కదా కనీసం దీపమైనా పెట్టమంటున్నాను.

నిజామాబాద్ నుంచి టెల్ అవీవ్: నేనిక్కడ ఒక ముసలమ్మను చూసుకునే పనిలో ఉన్నాను. సైరన్ మోగితే ఆమెను చక్రాల కుర్చీతో సహా మెట్లు దింపాలి. ఎవరి పక్షమని నన్ను అడగకండి. ఒక్క మాట మాత్రం చెబుతాను. హైఫా కంటే ముందు, 1917లో, అదే దండయాత్రలో గాజా దగ్గర మూడు యుద్ధాలు జరిగాయి. గాజాలో ఆనాటి శ్మశానం ఉంది, మూడు వేలకు పైగా సమాధులు. అందులో భారతీయులున్నారు, ఎదుటి పక్షం టర్కీవాళ్లూ ఉన్నారు. ఇప్పటి దాడుల్లో ఆ రాళ్లూ పగిలాయి. హైఫా వాళ్లకు దండలు పడుతున్నాయి. వీళ్ల మాట ఎత్తేవారే లేరు.

సికింద్రాబాద్ వాసి: గాజాలో మనవాళ్ల సమాధులున్నాయని నాన్నగారూ ఎప్పుడూ చెప్పలేదు. ఈసారికి రెండు ప్రమిదలు తీసి కడిగి పెట్టాను. వెలిగించేదీ లేనిదీ ఆ సాయంత్రానికి తేల్చుకుంటాను.