ఘాట్ ఎక్కుతుంటే ఆగిపోతున్న జోంగా: పంప్ మార్చాలా, పైపు జరపాలా?

మాది పాత మిలిటరీ జీపు లాంటి బండి జోంగా, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కి ఆగిపోతోంది, చల్లారాక మామూలుగా స్టార్టవుతోంది. ఆగినప్పుడు స్పార్క్ బాగానే ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం కార్బురేటర్‌లో పెట్రోల్ చిమ్మడం లేదు. ఫిల్టర్, ట్యాంక్ మూత గాలి రంధ్రం శుభ్రంగానే ఉన్నాయి. ఇంజన్ పొగ బయటికి పోయే వేడి గొట్టం (సైలెన్సర్ మానిఫోల్డ్) పక్కనుంచి వచ్చే పైపులో పెట్రోల్ ఆవిరైపోతోందని అనుమానం. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో పంప్‌లోని పాత రబ్బరు పొర (డయాఫ్రం) కూడా పాడవుతుంది కదా. ట్యాంక్ దగ్గర 3 పీఎస్ఐ ప్రెషర్ ఇచ్చే ఎలక్ట్రిక్ పంప్ పెడితే ఇంజన్‌తో నడిచే మెకానికల్ పంప్ పూర్తిగా తీసేయాలా?

ఇంకోటి. సొంత బండికి ఆలివ్ గ్రీన్ వేయకూడదు కాబట్టి పసుపు రంగు అనుకుంటున్నాం. స్టెప్నీ కవర్ మీద తొంభైల నాటి దూరదర్శన్ ఆదివారం కార్టూన్ల బొమ్మలు కావాలి, స్టిక్కర్ వద్దు. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి ఎనామెల్ నిలుస్తుందా, పీయూ (పాలీయూరిథేన్) పెయింటే వేయాలా? గాజువాక ఆటోనగర్‌లో చేత్తో బొమ్మలు వేసే పెయింటర్లు ఎవరైనా ఉన్నారా?