సిమ్యులేషన్‌లో యూజర్లని సమానంగా చల్లితే ఒప్పుకోవట్లేదు, ఏ మోడల్ వాడాలి?

కాజీపేట పోరడు:
అన్నలూ, ఎంటెక్ ప్రాజెక్టుకి ఎల్‌టీఈ (4జీ మొబైల్ నెట్‌వర్క్) సిమ్యులేషన్ చేస్తున్నా. మామూలు సెటప్పే, 19 సైట్లు (టవర్లు), ఒక్కోదానికి మూడు చొప్పున 57 సెక్టార్లు, సైట్‌కీ సైట్‌కీ మధ్య 500 మీటర్లు. యూజర్లని వాకిట్లో నూకలు చల్లినట్టు అంతటా చల్లేశా. గైడ్ గ్రాఫులు చూసి "ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ పొద్దునా, అర్ధరాత్రీ జనం ఒకేలా ఉంటారా?" అని పంపించేశారు. ఏ మోడల్ వాడాలి, ఎంత అసమానం అనేది ఏ నంబర్‌తో చెప్పాలి? రివ్యూ దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

డ్రైవ్‌టెస్ట్ మామ:
థామస్ క్లస్టర్ ప్రాసెస్‌తో మొదలుపెట్టు తమ్ముడూ. ముందు పాయిజాన్‌గా (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ర్యాండమ్‌గా) కొన్ని కేంద్రాలు వేస్తావు, వాటి చుట్టూ గాసియన్‌గా (దగ్గర్లో ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ) యూజర్లని వేసి కేంద్రాలని తీసేస్తావు, అంతే. సిగ్మా (కేంద్రం చుట్టూ ఎంత దూరం పరుచుకోవాలో చెప్పే నంబర్) 30 మీటర్లు పెడితే బస్టాండ్‌లా కుప్ప, 300 పెడితే కాలనీలా పలచన, ఇంకా పెంచుకుంటూ పోతే మళ్లీ మామూలు పాయిజాన్‌కే వచ్చేస్తుంది. చదరపు కిలోమీటర్‌కి ఎన్ని కేంద్రాలు, ఒక్కోదానికి సగటున ఎందరు, ఈ రెండిటి లబ్ధం మాత్రం ఏ రన్‌లోనూ మారొద్దు. లేకుంటే గ్రాఫ్‌లో తేడా కుప్పల వల్ల వచ్చిందా, మొత్తం జనం పెరిగి వచ్చిందా ఎవరికీ తెలవదు. రెడీమేడ్‌గా కావాలంటే 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) 36.814 రిపోర్టులో 4బీ కాన్ఫిగరేషన్ చూడు, మూడింట రెండొంతుల మంది పికోల (చిన్న టవర్ల) చుట్టూ 40 మీటర్లలోనే ఉంటారు.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్:
నంబర్ సంగతి: యూజర్ పాయింట్లకే వొరొనాయ్ గీసి (ప్రతి చోటునీ దానికి దగ్గరి యూజర్ గడిలో వేసి), ఆ గడుల వైశాల్యాల స్టాండర్డ్ డీవియేషన్‌ని సగటుతో భాగించి, దాన్ని మళ్లీ 0.529తో భాగించు. పాయిజాన్‌కి దాదాపు 1 వస్తుంది, కుప్పలు పెరిగేకొద్దీ 1 దాటుతుంది, సమానమైన గళ్లలో పేరిస్తే 0. అంచున తెగిపోయే గడుల్ని లెక్కలోంచి తీసేయ్.

కాజీపేట పోరడు:
థాంక్స్ అన్నా. కానీ రెండు సీడ్లకి (రెండు వేరే ర్యాండమ్ రన్లకి) ఆ నంబర్ దాదాపు ఒకటే వచ్చింది, ఒకదాంట్లో మాత్రం థ్రూపుట్ (డేటా వేగం) ఘోరంగా పడిపోయింది. కోడ్‌లో తప్పా?

డ్రైవ్‌టెస్ట్ మామ:
కోడ్ కాదు, కుప్ప ఎక్కడ పడిందో చూడు. టవర్ కింద పడితే సమానంగా చల్లినదానికన్నా మంచి రిజల్టే వస్తుంది, రెండు సెల్‌ల సరిహద్దులో పడితే చచ్చినట్టే. సీక్యూఐ (సిగ్నల్ నాణ్యత స్కోరు) 15 దగ్గర ఒక్కో సింబల్‌కి 5.55 బిట్లు పోతాయి, 1 దగ్గర 0.15, అంటే అదే ఫైల్‌కి 36 రెట్లకు పైగా రిసోర్సులు. అందుకే ఎంత కుప్ప అన్నదొక్కటే చాలదు, కుప్పకీ టవర్‌కీ సంబంధం ఎంత అన్నది రెండో నంబర్‌గా ఇవ్వాలి, నన్నడిగితే పేపర్లలో చాలామంది దాటేసేది ఇదే. ఫుల్ బఫర్ (ప్రతి యూజర్‌కీ ఎప్పుడూ డేటా ఉంటుందనే మోడల్) కూడా వదిలెయ్, అందులో పని అయిపోయి వెళ్లిపోయేవాడే ఉండడు. ఎఫ్‌టీపీ మోడల్ 1 పెట్టు, 2 ఎంబీ ఫైల్, పాయిజాన్ రాకలు. అంచున ఉన్నోడి ఫైల్ దిగకముందే ఇంకొకడొచ్చి క్యూ ఎట్లా పేరుకుంటదో అప్పుడు కనబడతది.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్:
టైం కూడా కలుపు. మార్కెట్ సెల్‌కి పొద్దున పీక్, హాస్టళ్ల సెల్‌కి రాత్రి, రెండు పీకులు కూడితే లేని లోడ్ చూపిస్తావు. మేడారం జాతర జోలికి మాత్రం పోకు (గైడ్ తప్పక అడుగుతారు!), రెండేళ్లకోసారి నాలుగు రోజులు, దానికి తాత్కాలిక టవర్లే పెడతారు, సగటులో కలిపితే మిగతా లెక్కంతా పాడవుతుంది. విడిగా ఒక సీనారియో రాసి పక్కన పెట్టు.