స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపేస్తున్నారు, స్టాఫ్‌కి ఎలా నేర్పాలండి?

రేకులషాపు_రావులపాలెం:
ఆత్రేయపురం పూతరేకులు వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని కొరియర్ చేస్తామండి, ఫోన్లకీ ప్యాకింగ్‌కీ నలుగురు అమ్మాయిలున్నారు. సంక్రాంతి హడావుడిలో ఎవడో డబ్బులేసినట్టు స్క్రీన్‌షాట్ పెడితే ఒకమ్మాయి బెల్లం బాక్సులన్నీ పంపేసింది, తీరా చూస్తే అకౌంట్లో రూపాయి పడలేదు. దాన్నంటే ఏం లాభం లెండి. వీళ్ళకి మోసాల గురించి ఎలా చెప్పాలి?

కోనసీమ_కుర్రోడు:
స్క్రీన్‌షాట్‌ని లెక్కలోకే తీసుకోవద్దని చెప్పండి గురువుగారూ. పేరూ అమౌంటూ కొడితే టిక్కు మార్కుతో సహా చూపించే దొంగ యాప్‌లున్నాయి. మెసేజ్ కూడా అంతే, మామూలు ఫోన్ నంబర్ నుంచి బ్యాంకు మెసేజ్‌లా టైప్ చేసి పంపేస్తారు. ప్రతి యూపీఐ పేమెంటుకీ విడిగా ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు అడిగి మన అకౌంట్లో వెతకాలి, అందులో కనపడితేనే బాక్సుకి టేప్ వెయ్యాలి.

పాలకొల్లు_అక్క:
ఇంకోటుంది. మిలిటరీ ఆఫీసర్నంటాడు, క్యాంపుకి 50 బాక్సులంటాడు, అడ్వాన్స్ వేస్తా ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. డబ్బులు రావడానికి పిన్ ఎందుకు? ఈ ఒక్క ముక్క బిల్లింగ్ టేబుల్ మీద అంటించండి. పొరపాటున పిన్ కొట్టి డబ్బులు పోతే మీ కోసం ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమనండి.

తణుకు_ట్రేడర్:
క్లాసు పీకితే తలలూపి మర్చిపోతారండి, మా షాపులో చూశాగా. నేనైతే మా మేనల్లుడి చేత కొత్త నంబర్ నుంచి దొంగ ఆర్డర్ పెట్టిస్తా, "బండి బయల్దేరిపోతోంది తొందరగా పంపండమ్మా" అని కంగారు పెట్టిస్తా, ఎందుకంటే అసలు మోసగాడు కొట్టేది అక్కడే. పడిపోయినోళ్ళని తిట్టను, ఆ చాటే అందరికీ చూపిస్తా. అసలు సంగతేంటంటే పార్సిల్ లేటయితే ఓనరు అరుస్తాడన్న భయంతోనే చూసుకోకుండా పంపేస్తారు, "కన్ఫర్మ్ అయ్యాక పంపుతామండి" అన్నందుకు ఆర్డర్ పోయినా ఏమీ అననని ముందు మీరే చెప్పాలి.

రేకులషాపు_రావులపాలెం:
ఆయ్, ఆ అరిచేది నేనేనండి 😅 మరి రేకులన్నీ నుజ్జయిపోయాయి డబ్బులు వెనక్కివ్వమని ఫొటోలు పెట్టేవాళ్ళ సంగతో? ఒకే ఫొటో ఇద్దరు పెట్టారు.

పాలకొల్లు_అక్క:
ఆర్డర్ నంబర్ చీటీ కనపడేలా, కాటా మీద బరువుతో సహా ప్యాకింగ్ వీడియో తియ్యమనండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో ఉంటేనే రిఫండ్ అని ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పేయాలి, తర్వాత చెప్తే గొడవే.