మేనేజర్ నుంచి సీనియర్ మేనేజర్ కావాలంటే అసలు ఏం చూస్తారు?

అందరికీ నమస్కారం. ఒక పెద్ద కంపెనీలో మేనేజర్‌గా చేస్తున్నాను, నా కింద 9 మంది ఉన్నారు. ఇంజనీర్‌గా ఉన్నప్పుడు ప్రమోషన్ సంగతి కాస్తో కూస్తో అర్థమయ్యేది. పై లెవెల్ పని ముందే చేసి చూపిస్తే ఇవాళ కాకపోతే రేపు వచ్చేది. మేనేజర్ అయ్యాక లెక్కే మారిపోయింది.

ఈసారి రేటింగ్ బాగానే వచ్చింది. ప్రమోషన్ మాట ఎత్తితే మా డైరెక్టర్ గారు "నీ పనికి వంక పెట్టలేం, స్కోప్ చాలదు" అన్నారు. స్కోప్ అంటే మనం చూసుకునే పని పరిధి. అది పెరగాలంటే ఇంకో టీమ్ కావాలి. ఆ టీమ్ ఇవ్వాల్సింది ఆయనే! పైగా పై పోస్టు ఖాళీ అయితేనో, కొత్తగా అవసరం పడితేనో తప్ప కుదరదట. చివరికి తేలేది కాలిబ్రేషన్ మీటింగ్‌లో. డైరెక్టర్లంతా కూర్చుని మేనేజర్లను ఒకరితో ఒకరిని పోల్చి చూస్తారు. అక్కడ మనం ఉండం, మన తరఫున మాట్లాడేవాళ్లు ఉండాలి. మా డైరెక్టర్ ఒక్కరే చెబితే సరిపోతుందా, పక్క విభాగాల వాళ్లు కూడా వంత పాడాలా?

అలాంటి మీటింగుల్లో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నా టీమ్‌లో ఇద్దరికి ప్రమోషన్ ఇప్పించాను, ఒకరు నేను లేకపోయినా టీమ్‌ని నడపగలరు. ఇవి లెక్కలోకి వస్తాయా, లేక కింద ఎంతమంది ఉన్నారన్నదే ముఖ్యమా? ఇంకో టీమ్ నాకే ఇవ్వమని నేరుగా అడిగితే ఆశపోతు అనుకుంటారేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. మీరైతే ఎలా అడుగుతారు?