కవాలాలోని పాత మదర్సాను హోటల్‌గా మార్చడం సబబేనా?

పాతగోడలు:
గ్రీస్‌లోని కవాలా రేవు పట్టణంలో ఒట్టోమన్ల నాటి ఇమారెత్ (ధర్మార్థం కట్టిన భవన సముదాయం) ఉంది. ఈజిప్టును ఏలిన మహమ్మద్ అలీ తాను పుట్టిన ఊరి కోసం 1817లో మొదలుపెట్టి కట్టించాడు. మదర్సా, విద్యార్థుల గదులు, పేదలకు ఉచితంగా అన్నం పెట్టే వంటశాల, అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. ఖర్చుల కోసం తాసోస్ దీవి ఆదాయాన్ని రాసిచ్చాడు. ఆస్తి ఇప్పటికీ ఈజిప్టు వక్ఫ్‌దే. 2004 నుంచి మాత్రం అందులో ఖరీదైన హోటల్ నడుస్తోంది. నాకిది మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

గోదారిగట్టు:
నేను హోటల్ వైపే. 1920లలో ఆసియా మైనర్ (నేటి టర్కీ ప్రాంతం) నుంచి వచ్చిన శరణార్థులు అక్కడ తలదాచుకున్నారు. ఆ తర్వాత కట్టడం పాడుబడిపోయింది. కౌలుకు తీసుకుని బాగుచేయించింది కవాలాకే చెందిన ఒక మహిళ. ఏథెన్స్‌లో ఏమైందో చూడండి. 1721 నాటి మదర్సాను స్వతంత్ర గ్రీస్ జైలుగా వాడుకుంది, తర్వాత కూల్చేశారు. రోమన్ అగోరా (రోమన్ల నాటి సంత మైదానం) పక్కన ఇప్పుడు ద్వారం ఒక్కటే మిగిలింది. కవాలాకూ ఆ గతే పట్టాలా?

పాతగోడలు:
కూలిపోవాలని నేనెందుకంటాను? కానీ అది మన సత్రం లాంటిది, డబ్బు లేనివాళ్ల కోసమే పుట్టింది. టర్కీలోని ఎదిర్నేలో రెండో బయెజిద్ సుల్తాన్ 1488లో పూర్తి చేయించిన ఆసుపత్రి, వైద్య మదర్సా ఉన్నాయి. రోగులకు సంగీతం వినిపించి, నీటి చప్పుడుతో సాంత్వన కలిగించిన చోటు అది. దాన్ని త్రాక్యా విశ్వవిద్యాలయం మ్యూజియంగా మార్చింది. 2004లో, అంటే కవాలాలో హోటల్ తెరిచిన ఏడాదే, దానికి కౌన్సిల్ ఆఫ్ యూరప్ మ్యూజియం బహుమతి వచ్చింది. అలా చేయడానికి దారి ఉందని అక్కడ రుజువైంది కదా.

గోదారిగట్టు:
ఎదిర్నేలో కట్టడమూ, దాన్ని చూసుకునే విశ్వవిద్యాలయమూ ఒకే దేశానివి. కవాలాలో నేల గ్రీస్‌ది, హక్కు ఈజిప్టుది. మరమ్మతుకు లక్షల యూరోలు ఎవరిస్తారో చెప్పకుండా మ్యూజియం చేయమంటే ఎలా?

కొండపల్లిబొమ్మ:
హోటల్‌ను ఖాళీ చేయించమని నేనూ అనను. కానీ వక్ఫ్ అంటే రాబడి ఫలానా పనికే పోవాలన్న మాట. దీవి ఆదాయంతో అన్నం పెట్టించిన దాత ఉద్దేశం సుస్పష్టం. కాబట్టి కౌలు డబ్బులో కొంత భాగం కవాలాలోని పేదల భోజనానికీ, పిల్లల చదువుకీ వెళ్లాలని ఒప్పందంలో రాయాలి. గది అద్దెకు తీసుకోలేని ఊరివాళ్లకు మదర్సా ప్రాంగణం వారానికి ఒక రోజైనా ఉచితంగా తెరవాలి. ఈ రెండూ ఒప్పుకుంటే పాతగోడలు గారికి ఇంకా అభ్యంతరం ఉంటుందా?

పాతగోడలు:
మొదటిది రాతపూర్వకంగా ఉంటే ఉండదు. రెండోదానికి ఒక్క రోజు చాలదు, రోజూ తెరవాలి.