అప్‌డేట్: ఆ గుంయ్‌మనే మోత ఓడది కాదు

విశాఖ తీరంలో ఓడల చప్పుడు కొలుస్తుంటే, దగ్గర్లో ఏ ఓడా లేకపోయినా హైడ్రోఫోన్‌లో (నీటి లోపలి శబ్దాల్ని పట్టే మైకులో) గుంయ్‌మని మోత వస్తోందని అడిగాను కదా. మీరు చెప్పిందే నిజం: ప్రవాహం తగిలి దాని కేబులే తీగలా కంపిస్తోంది. ఈసారి హైడ్రోఫోన్‌ను పడవకు కట్టకుండా, ప్రవాహంతోపాటే విడిగా తేలిపోయే బోయకు (నీటిపై తేలే బుంగకు) సాగే తాడుతో వేలాడదీసి ఇంజిన్ ఆపేశాం. మోత పోయింది!

తర్వాత ఒక సరుకు ఓడ వెళ్లింది. ప్రొపెల్లర్ దగ్గర బుడగలు పగిలే రొద సెకనుకు 6 సార్లు ఎగసి తగ్గుతోంది. నాలుగు రెక్కలు, నిమిషానికి 90 చుట్లు అనుకుంటే లెక్క సరిగ్గా అంతే. ఎంత ఆనందమేసిందో!

ఒక చిక్కు మిగిలింది. ఓడల నీటి లోపలి శబ్దాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17208-1 కనీసం 150 మీటర్ల లోతు అడుగుతుంది, మాకు 30 మీటర్లే. సముద్రపు అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనులు కలుస్తాయి కాబట్టి ఈ అంకెల్ని ఓడ సొంత శబ్దస్థాయిగా రాయడం లేదు.