రామన్ ఎఫెక్ట్‌లో కృష్ణన్ పేరు ఎందుకు లేదు?

చిత్తూరు టీచరమ్మ: ఫిబ్రవరి 28 సైన్స్ డేకి మా ఎనిమిదో తరగతి పిల్లలు రామన్ ఎఫెక్ట్ మీద చార్ట్ రాస్తున్నారు. కాంతి అణువుల్ని తాకి చెదిరినప్పుడు అందులో కొంచెం రంగు మారి వస్తుంది, అదే ఈ ఎఫెక్ట్. 1928 మార్చి 31న ‘నేచర్’ పత్రికలో వచ్చిన నోట్‌లో సి.వి. రామన్, ఆయన దగ్గర పరిశోధన చేసిన కె.ఎస్. కృష్ణన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1930లో నోబెల్ మాత్రం రామన్ ఒక్కరికే. "మరి కృష్ణన్ ఏమైనాడు టీచర్?" అనింది ఒక పిల్ల. ఏం చెప్పేది?

అలిపిరి మెట్లు: తొక్కేసినారని చెప్పండి. సుమారు 60 ద్రవాలు పరీక్షించామని ఆ నోట్‌లోనే ఉంది. ఒక్కోదాన్నీ వాక్యూమ్‌లో మళ్లీ మళ్లీ డిస్టిల్ చేయాలి, రంగు ఫిల్టర్లు మార్చి మార్చి ఆ మసక వెలుతురును కంటితో పట్టుకోవాలి. ఆ చాకిరీ అంతా రామన్ ఒక్కడే చేసినాడా? రామన్-కృష్ణన్ ఎఫెక్ట్ అనే పేరుండాల.

కార్వేటినగరం మాస్టారు: తొక్కేశారన్న మాట వెనక్కి తీసుకోండి. 1921లో ఓడలో వస్తూ మధ్యధరా సముద్రం అంత నీలంగా ఎందుకుందని పట్టుకున్నది రామన్. నీళ్లలో కనబడే ఆకాశం నీడే అని బ్రిటిష్ శాస్త్రవేత్త రేలీ చెప్పినదాన్ని ఒప్పుకోలేదు. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుతురును ఆపగల నికాల్ ప్రిజం అడ్డం పెట్టి ఆ నీడను ఆపి చూస్తే నీలం అలాగే ఉంది. అంటే నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయి. అక్కణ్ణించి ఏడేళ్లు ఆ ప్రశ్న మోశాడు. 1923లో ఆయన శిష్యుడు కె.ఆర్. రామనాథన్‌కి నీళ్లలో ఆ రంగు మారిన వెలుతురు కనబడింది కూడా. ఏదో మలినం కాంతిని పీల్చుకుని వేరే రంగులో వదిలే ఫ్లోరసెన్స్ అనుకున్నారు. కంటితో చూసినవాడికే పేరంటే రామనాథన్ ఎఫెక్ట్ అనండి మరి!

పాకాల జంక్షన్: మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ అనే శాస్త్రవేత్తలు ఇదే ఎఫెక్ట్‌ను 1928 ఫిబ్రవరి 21కే, అంటే వారం ముందే, క్వార్ట్జ్ స్ఫటికంలో చూసేసినారు. వాళ్ల సంగతేంది?

కార్వేటినగరం మాస్టారు: అచ్చయింది ఎప్పుడో చూడు నాయనా. చూడటం వేరు, చెప్పటం వేరు.

అలిపిరి మెట్లు: అచ్చు గురించి మీరే ఎత్తినారు గదా. అచ్చులో ఎవరి పేర్లున్నాయి? ఇద్దరివి. నేను చెప్పేదీ అదే.

కార్వేటినగరం మాస్టారు: అది ఒక్క నోట్. మార్చి 16న బెంగళూరులో చేసిన ఉపన్యాసం రామన్ ఒక్కడిదే.

అలిపిరి మెట్లు: ఒక్కడిదే ఎందుకైంది అనేదే నా ప్రశ్న సార్!

గాదంకి బస్సు: గాదంకిలో రాత్రిపూట ఆకాశంలోకి పోయే ఆకుపచ్చ గీత ఎవరైనా చూసినారా? లైడార్, లేజర్ కాంతితో పైగాలిని పరిశీలించే పరికరం. అదీ కాంతి చెదరడమే. పేరెవరిదైనా చూడ్డానికి బాగుంటాది.

కార్వేటినగరం మాస్టారు: సరే, ఇంకో సంగతి. పలచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు వదిలి, జింక్ సల్ఫైడ్ తెర మీద మెరుపులు చీకట్లో కూర్చుని లెక్కపెట్టింది రూథర్‌ఫర్డ్ ల్యాబులో పనిచేసిన గైగర్, మార్స్‌డెన్. అందులోంచి 1911లో కేంద్రకాన్ని బయటికి లాగింది రూథర్‌ఫర్డ్. లెక్కపెట్టినవాళ్ల పేరు కేంద్రకానికి పెట్టారా?

అలిపిరి మెట్లు: బలే ఉదాహరణ తెచ్చినారు. 1909లో ఆ పేపర్ మీద ఉన్నవి గైగర్, మార్స్‌డెన్ పేర్లే. రూథర్‌ఫర్డ్ తన పేరు పెట్టుకోలేదు. మార్స్‌డెన్‌కి అప్పుడు 20 ఏళ్లు, ఇంకా డిగ్రీ చదివే పిల్లోడు. పెద్దాయన అంటే అట్లుండాల.

కార్వేటినగరం మాస్టారు: మీకు కృష్ణన్ మీద ప్రేమా, ఇంకెవరి మీదైనా కోపమా? పొద్దుట్నుంచీ చూస్తున్నాను.

అలిపిరి మెట్లు: కోపమే. దాచేదేముంది? పరిశోధన చేసేటప్పుడు నాలుగేళ్లు గామా కిరణాలు కొలిచే డిటెక్టర్ ముందర కూర్చున్నా. లెడ్ ఇటుకలు మోసి నడుం పట్టేసింది. డిటెక్టర్‌లోని జర్మేనియం వేడెక్కకుండా లిక్విడ్ నైట్రోజన్ పోసేదీ నేనే. ఉగాది రోజు ఇంట్లో పచ్చడి కూడా తినకుండా పోయి పోసొచ్చినా. పేపర్ వస్తే గైడ్ పేరు, ఆయన బావమరిది పేరు. నాది చివర్లో కృతజ్ఞతల కింద ఒక లైను, అదీ ఇంటిపేరు తప్పు. ఇప్పుడు కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటున్నా.

పాకాల జంక్షన్: బావమరిదా 😀

కార్వేటినగరం మాస్టారు: అది అన్యాయమే, కాదనను. కానీ ఆ బావమరిదిని తెచ్చి రామన్ నెత్తిన పెట్టకండి. రామన్ కృష్ణన్ పేరు తీసెయ్యలేదు, పక్కనే వేశాడు. నా చేతికింద కూడా ఇద్దరు ఎం.ఫిల్. చేశారు. ప్రశ్న ఇచ్చింది నేను, దారి తప్పితే తిప్పింది నేను. తర్వాత వాళ్లు ఎక్కడా నా మాట ఎత్తలేదు. దాన్నేమంటారు?

అలిపిరి మెట్లు: ఓహో. అయితే మీరు గైడ్ పక్క నిలబడి మాట్లాడుతున్నారు, నేను స్కాలర్ పక్క. ముందే చెప్పుంటే ఇంత టైపింగ్ తప్పేది గదా సార్.

కార్వేటినగరం మాస్టారు: మీరు మాత్రం ముందే చెప్పారా?

గాదంకి బస్సు: ఇంతకీ ఆ పిల్లకి ఎవరైనా జవాబు చెప్పినారా?

చిత్తూరు టీచరమ్మ: చార్ట్ అయిపోయింది. ఇద్దరి పేర్లూ రాయించినా. కృష్ణన్ తర్వాత ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీకి తొలి డైరెక్టర్ అయినారని కూడా ఒక లైను పెట్టినాం. కాకపోతే చోటు చాలక ఆయన పేరు కొంచెం చిన్న అక్షరాల్లో వచ్చింది.

అలిపిరి మెట్లు: చిన్న అక్షరాలెందుకు టీచరమ్మా?